కార్డ్ రీడరూ, కాంతం కుట్టిన కోటూ

సెప్టెంబరు 4, ఆదివారం

ఈ డైరీ జనవరిలో బీమా ఏజెంటు ఇచ్చాడు. ఇన్నాళ్ళూ దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. ఈ రోజు మా ఆవిడ కాంతం దీన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నా మీద అరిసే బదులు దీన్లో అరుసుకోండి. దీనికి సెవుల్లేవు" అంది. సరే, అరుస్తున్నాను.

రాజాం నుంచి మెర్సీ అక్క ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి పద్మజ పెళ్ళి ఖాయమైంది. అక్టోబరు ఇరవై, వాళ్ళ చర్చిలోనే. పెళ్ళికొడుకు పేరు రాబర్ట్, శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం. ఎంత సంతోషించానో! పద్మజ పుట్టినప్పుడు ఆసుపత్రి తువ్వాలులో చుట్టి నర్సు బయటికి తెస్తుంటే మొదటి ఫొటో తీసింది నేనే. అప్పుడు రీలు కెమెరా. దాని మొదటి పన్ను, మొదటి బడి, బాప్తిస్మం, నర్సింగు పట్టా అన్నీ కృపా స్టూడియోవే. పెళ్ళి ఫొటోలు మాత్రం ఇంకెవడు తీస్తాడు?

ధర్మేంద్ర తీస్తాడట.

"ఒరే కృపా, ఒక మాట సెప్తాను, కోప్పడకు. రాబర్ట్ వోళ్ళు పొద్దుటి పెళ్ళి ఫొటోలు సాయంత్రం విందులో తెర మీద ఏయాలంటన్నారు. ఇప్పుడు అందరూ అలాగే సేత్తన్నారట. నీకు అవుతాదేటి? అవకపోతే ఇక్కడ స్టూడియో ధర్మేంద్రని పెట్టుకుంటాం. నువ్వు మేనమావవి, హాయిగా ముందు కుర్సీలో కూకోరా" అంది అక్క.

ముందు కుర్చీలో! నన్ను! నా మేనకోడలి పెళ్ళిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని!

నాకు కోపం రాలేదు. ఎందుకవదు, అవుతుంది అని చెప్పి ఫోన్ పెట్టేశాను. కొంచెం గట్టిగా పెట్టాను, అంతే.

సెప్టెంబరు 5

ఎందుకవదని గొప్పగా అన్నాను గానీ, అవదు. రాసుకునేది నాకోసమే కాబట్టి రాస్తున్నాను.

కెమెరా కార్డులోంచి ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డ్ రీడర్ నాది నత్త. ఒక పెళ్ళి కార్డు పెట్టి నొక్కితే, కాంతం బియ్యం ఏరి, కడిగి, అన్నం వార్చి, బెండకాయలు తరిగి, వేయించి, చారు కాచి "రండి" అని పిలిచేసరికి సగం అవుతుంది. రాజాం చర్చిలో పెళ్ళి అయ్యేది మధ్యాహ్నానికి. చీకటి పడితే విందు. మధ్యలో ఫొటోలు ఎక్కించాలి, మంచివి ఏరాలి, రంగులు సరిచేయాలి, పాటకి కట్టాలి. ఈ రీడర్‌తో అయితే జనం ఐస్‌క్రీం తిని చేతులు కడుక్కుంటుంటే నేనింకా ఎక్కిస్తూనే ఉంటాను.

కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. పాతది హుద్‌హుద్ తుఫానులో పైకప్పు కారి తడిసి చచ్చిపోతే, కొత్తది కొన్నాం. రెండేళ్ళు కూడా నిండలేదు. కాంతం దానికి మందపాటి పరదా గుడ్డతో, లోపల ప్లాస్టిక్ వేసి, రెయిన్‌కోటు కుట్టింది. వెనక వైర్లు వచ్చే చోట తాడు బిగించింది, ఫ్యాను దగ్గర దోమతెర గుడ్డ పెట్టింది, ముందు మాత్రం గుండీలతో చిన్న తలుపు. "మళ్ళీ తుఫానొస్తే రానీ" అంటుంది. కింద కుచ్చులు కూడా పెట్టింది. స్టూడియోకి వచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే చూస్తారు, తర్వాత నన్ను.

కాబట్టి లోపం రీడర్‌దే. కొత్త రీడర్ కొంటే సరిపోతుంది. ఈ మాత్రం దానికి అక్క ధర్మేంద్ర దాకా వెళ్ళాలా?

సెప్టెంబరు 7

ఇక్కడే చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో కొత్తది కొన్నాను. పెట్టె మీద మెరుపు బొమ్మ ఉంది. కొట్టువాడు "రాకెట్టండి బాబూ" అన్నాడు.

సెప్టెంబరు 8

రాకెట్టు బెండకాయల దగ్గరే ఉంది.

సెప్టెంబరు 12, సోమవారం

పల్లెటూరి కొట్ల మీద ఆధారపడటం నాదే బుద్ధి తక్కువ. ఈ రోజు విజయనగరం వెళ్ళాను. జగన్నాధం కంప్యూటర్ కొట్టులో గోడకి కార్డ్ రీడర్లు వడియాల్లాగ వరసగా వేలాడుతున్నాయి. పొడుగువి, పొట్టివి, రెండు కార్డులు ఒకేసారి మింగేవి, వైరుతో వచ్చేవి. అన్నీ దించమన్నాను. అన్నీ చేత్తో పట్టుకుని బరువు చూశాను. బరువుగా ఉన్నదే మంచిది, అది కెమెరాల నాటి నుంచి నాకు తెలుసు.

జగన్నాధం ఒకటి తీసి చూపించాడు. "ఇది పట్టుకెల్లు మావా. దీని నోరు సూడు, లోపల నీలంగుంటాది. నీ కంప్యూటర్‌కి కూడా నీలం కన్నం ఉండాల. దాన్లో పెడితేనే పరుగు. నల్ల దాన్లో పెడితే నడకే."

"నా దానికి ఉన్నవి రెండూ నల్లవే" అన్నాను.

"అయితే అది పాతదయ్యుంటాది. మార్సెయ్ మావా."

చూశారా వ్యాపారం! రీడర్ కొనడానికి వెళ్తే కంప్యూటర్ అంటగట్టాలని చూస్తాడు. హుద్‌హుద్ తర్వాత కొన్నది పాతదెలా అవుతుందని నిలదీశాను. తల గోక్కున్నాడు. నీలమూ నలుపూ, ఇదేమైనా చీరల కొట్టా? రంగుతో వేగమేమిటి? నీలం నోరున్నదే కొన్నాను గానీ, అది బరువుగా ఉందని కొన్నాను.

నాకు కోపం రాలేదు. బస్సులో పక్కన కూర్చున్నాయన ఎందుకో లేచి వేరే సీట్లోకి వెళ్ళాడు.

సెప్టెంబరు 13

అదే వేగం. అదే నత్త. చారు కాగేసరికే సగం అయింది, కానీ ఈ రోజు కాంతం చారు ఆలస్యంగా పెట్టింది.

ఓల్టేజి తక్కువగా ఉన్నట్టుంది.

సెప్టెంబరు 14

ఓల్టేజి బాగానే ఉంది.

సెప్టెంబరు 25, ఆదివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా వీధి చివర నారాయణమ్మగారి మనవడి అన్నప్రాసన ఈ రోజు. సాయంత్రం తెర మీద ఫొటోలు వేస్తానని నేనే అడగకుండా మాటిచ్చాను. అక్కకి చూపించొచ్చు కదా అని. పొద్దున్న పిల్లాడు బంగారాన్నీ పుస్తకాన్నీ వదిలేసి నా కెమెరా తాడు పట్టుకున్నాడు, ఎంత చక్కని ఫొటో అది! మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి కార్డు పెట్టాను. ఎక్కుతోంది. ఎక్కుతోంది. కాంతం భోజనానికి పిలిచింది, వెళ్ళలేదు. టీ తెచ్చింది, చల్లారిపోయింది. అక్కడ తెల్లతెర కట్టి కుర్చీలు వేశారు.

నేను వెళ్ళేసరికి నారాయణమ్మగారు ఒక్కతే తెర ముందు కూర్చుని ఉంది. పిల్లాడు ఆమె భుజం మీద నిద్రపోయాడు.

"అందరూ ఎల్లిపోనారు బాబూ. నువ్వు వస్తావని నాను కూకున్నాను. నాకొక్కదానికే ఆ ఫొటోలు ఏసెయ్యి, సూస్తాను" అంది.

వేశాను. ఆవిడ మనవణ్ణి ఎత్తుకుని చివరిదాకా చూసింది. "సానా బాగున్నాయి" అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

సెప్టెంబరు 26

కబురు రాజాం చేరిపోయింది. బస్సుకన్నా ముందే.

అక్కే ఫోన్ చేసింది. "పోనీలేరా" అంది. ధర్మేంద్రతో మాట్లాడి ఉంచుతానంది. తర్వాత పద్మజ ఫోన్ లాక్కుంది.

"మావయ్యా, నువ్వు తియ్యకపోతే నాను నవ్వను. ఫొటోలన్నిట్లోనూ మూతి ముడుసుకుని నిలబడతాను. అమ్మకి సెప్పేసినాను."

"నవ్వకపోతే నీ మొగుడు భయపడతాడే" అన్నాను.

"అయితే బేగి ఏదో ఒకటి సెయ్యి!"

సెయ్యాలి.

అక్టోబరు 3, సోమవారం

రాజాం వెళ్ళాను, పెళ్ళి బట్టల పని మీద. ధర్మేంద్ర స్టూడియో ముందునుంచి వెళ్ళడం తప్పలేదు. అంటే ఇంకో దారి ఉంది గానీ అందులో కుక్కలుంటాయి.

ధర్మేంద్ర కుర్రవాడు, నా పెద్ద మీసానికి నమస్కారం పెడతాడు. లోపలికి పిలిచి కూల్‌డ్రింక్ ఇచ్చాడు. అతని రీడర్ వేపు నేను చూడనేలేదు, అతనే చూపించాడు. అచ్చం నేను విజయనగరంలో కొన్నదాని లాంటిదే!

"మీ అక్కగారు సెప్పినారు మావా. మేనకోడలి పెళ్ళి నువ్వు తీస్తేనే అందం. ఇదిగో, నాది పట్టుకెల్లి సూడు. తర్వాత ఇద్దువు గానీ" అన్నాడు.

తీసుకొచ్చాను. పెట్టాను. నత్త.

అంతే! అర్థమైపోయింది. తనది దాచుకుని, చెడిపోయినది నాకంటగట్టాడు. కూల్‌డ్రింక్ ఇచ్చినప్పుడే అనుమానించాల్సింది.

కాంతం గుమ్మంలో నిలబడి, "మీది నడవలేదు, అతనిదీ నడవలేదు. మరి తప్పు రీడర్లది కాదేమోనండీ?" అంది.

ఆడవాళ్ళకి ఈ సాంకేతిక విషయాలు తెలియవని చెప్పాను. బెండకాయలు తరుక్కుంటూ వెళ్ళిపోయింది. ఈ మధ్య రోజూ బెండకాయలే వండుతోంది, కావాలనే చేస్తోందని నా అనుమానం.

అక్టోబరు 4

ధర్మేంద్ర రీడర్ తిరిగి పంపించాను. అతని దగ్గర అది గాలిలా పరుగెత్తిందట. ఎలా?

అక్టోబరు 9, ఆదివారం

ఎలీషా బావ ఫోన్ చేశాడు. అక్క మొగుడు ఫోన్ చేశాడంటే విషయం ముదిరినట్టే. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

"బావా, సోమారం దాకా ఆగుతాం. రేపు కాదు, వచ్చే సోమారం. ఆ తర్వాత ధర్మేంద్ర వేరే పని ఒప్పేసుకుంటాడట. ఏదో ఒకటి సెప్పెయ్" అన్నాడు.

ఈ ఏడాది మాటలు ఆయనవి అయిపోయాయి.

అక్టోబరు 17, సోమవారం

పొద్దున్నే విజయనగరం బయలుదేరాను. జగన్నాధం దగ్గర రెండు కార్డులు మింగేది, పెద్దది, ఇంకా బరువైనది ఒకటి ఉంది. ఆఖరి ఆశ. బస్సు ఊరి బయటే ఆగిపోయింది. జనం, జనం, తలల మీద తలలు. ఈ రోజు తొలేళ్ళు, రేపు సిరిమాను! పైడితల్లి పండగని ఈ జిల్లాలో పసిపిల్లకి కూడా తెలుసు, రీడర్ ధ్యాసలో నాకు మాత్రం గుర్తులేదు. చెమటలు కక్కుతూ నడిచి వెళ్తే కొట్టుకి తాళం. తలుపు మీద అమ్మవారి బొమ్మ ఉంది, నా వైపే చూస్తోంది.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. అక్కకి ఏం చెప్పాలో వరసగా అనుకున్నాను. "అక్కా, ధర్మేంద్రనే పెట్టుకోండి. నేను ముందు కుర్చీలో కూర్చుంటాను." ఎన్నిసార్లు అనుకున్నా, కూర్చుంటాను దగ్గర ఆగి మళ్ళీ మొదటికొస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు. నా చేతుల్లో కెమెరా లేకుండా పద్మజ పెళ్ళికూతురై నడిచొస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియదు, అదీ నా బాధ. ఈ కళ్ళతో ఊరికే ఎప్పుడూ చూడలేదు దాన్ని.

ఇంటికొచ్చి, ఫోన్ చేతిలో పట్టుకుని స్టూడియోలోకి అడుగుపెడితే, కంప్యూటర్ బోసిగా ఉంది. కోటు లేదు! తీగ మీద ఆరేసి ఉంది, కుచ్చుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కాంతం సీపీయూ డబ్బాని అటు తిప్పి పెట్టి, తడిగుడ్డతో వీపు తుడుస్తోంది.

"ఎవరు ఉతకమన్నారే దాన్ని?" అని అరిచాను.

"పెళ్ళికి రాజాం పట్టుకెల్లే సామాను కాదేటండీ? రెండేళ్ళ మురికి కోటుతో పదిమందిలో పెడితే పరువేటి మనకి?"

నేను ఒప్పేసుకుందామని ఫోన్ పట్టుకుని వస్తే, ఈవిడ అప్పుడే పెళ్ళికి కంప్యూటర్‌కి స్నానం చేయిస్తోంది.

"ఇటు రండి, ఇదేటో సూడండి. దీని ఎనకాల నీలం కన్నాలు రెండున్నాయి. ముందున్నవి నల్లవి గదా?" అంది.

వంగి చూశాను. కొన్న రోజు నుంచీ ఆ వీపు నేను చూడలేదు. ఏ వైరెక్కడ పెట్టాలో కొట్టువాడు పెట్టాడు, కోటు కాంతం తొడిగింది, డబ్బాని గోడకి ఆనించాం. రెండు నీలం నోళ్ళు. రెండేళ్ళుగా పరదా గుడ్డ వెనక, గోడ వైపు తిరిగి, నోరు తెరుచుకుని కూర్చున్నాయి.

రీడర్ పెట్టాను. అన్నప్రాసన కార్డు పెట్టాను. "టీ పెట్టవే" అన్నాను. పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. తెర మీద పిల్లాడు, నారాయణమ్మగారు, పాయసం గిన్నె, పిల్లాడు, పిల్లాడు. ఆగిపోయింది. చెడిపోయిందనుకున్నాను. చూస్తే, అయిపోయింది! మొత్తం! టీ ఇంకా పొంగలేదు!

"అయిపోనాదే! కాంతం, అయిపోనాది!" అని వీధిలో వాళ్ళందరికీ వినపడేలా కేకలేశాను. కాంతం గరిటెతో పరుగెత్తుకొచ్చింది, ఎవరో పోయారనుకుని.

తప్పు రీడర్లది కాదని నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది.

అక్టోబరు 18

నిన్న రాత్రే అక్కతో మాట్లాడేశాను. ఫొటోలు నావి. తెర, వీడియో ధర్మేంద్రవి. పద్మజ పక్కనుంచి ఈల వేసింది, పెళ్ళికూతురు ఈల వేయొచ్చా?

కాంతం కోటు వెనక కత్తిరించి, రవిక హుక్కులతో ఇంకో తలుపు పెట్టింది.

అక్టోబరు 20, గురువారం. రాజాం. చర్చి వెనక గది.

పెళ్ళి మధ్యలో డైరీ రాసే ఫొటోగ్రాఫర్ ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఏం చేయను, ఖాళీగా ఉన్నాను! కార్డులన్నీ ఎక్కిపోయాయి. ఏరడం అయింది, రంగులు అయ్యాయి.

పొద్దున్న ఆటోలో కాంతం కంప్యూటర్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చింది. కోటుతో, కుచ్చులతో. గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఆటో అతను "పాపా, బాబా?" అని అడిగాడు.

ఎలీషా బావ చెయ్యి పట్టుకుని పద్మజ చర్చి గుమ్మంలోంచి నడిచి వచ్చింది. తెల్ల చీర. నన్ను చూసి నవ్వింది, చెప్పినట్టే. ప్రమాణాల దగ్గర కంట్లో దుమ్ము పడింది నాకు, ఆ చర్చి ఫ్యాన్లు తుడిచి ఎన్నాళ్ళయిందో. పక్కకి వెళ్ళి తుడుచుకుని వచ్చాను. ఒక్క ఫొటో కూడా తప్పలేదు.

ఎప్పుడూ పెళ్ళి భోజనం నాకు ఆఖరి బంతిలో అడుగంటిన పలావు. ఈ రోజు మొదటి బంతిలో, ఆకు ముందు, బావ పక్కన కూర్చుని తిన్నాను.

ధర్మేంద్ర వచ్చి, "అప్పుడే అయిపోనాదా మావా? ఏ రీడరు అది?" అన్నాడు.

"రీడర్ కాదు బాబూ, కోటు" అన్నాను. అర్థం కాక వెళ్ళిపోయాడు. మంచి కుర్రవాడు, నేను మొదటినుంచీ అదే అంటున్నాను.

మోజు తీరడం లేదు. కనపడిన కార్డునల్లా పెట్టేస్తున్నాను. బరువెందుకని పొద్దున్నే పాత కెమెరా కాంతం మెడలో వేశాను, మోయడానికి. దాని కార్డు కూడా తీసి పెట్టి, ఫొటోలన్నీ చివర కలిపేశాను. ఏముంటాయి, నేను తీసిన పలావు డేగిశాలు నాలుగు. చూడక్కర్లేదు.

అక్టోబరు 21

చూడాల్సింది.

పాత నత్తతో ఇదే మేలు. ఒక్కో ఫొటో తాపీగా ఎక్కుతుంటే, ఒక్కోదాన్నీ చూసి పనికిరానిది తీసేసేవాణ్ణి. ఈ వేగంలో అన్నీ ఒక్క ఊపున ఎక్కిపోయాయి.

విందులో ఆరుబయట పెద్ద తెర. పద్మజ, రాబర్ట్ వేదిక మీద. శ్రీకాకుళం వాళ్ళంతా ముందు వరసల్లో. పొద్దుటి ఫొటోలు ఒక్కొక్కటీ వస్తుంటే చప్పట్లు. పద్మజ నవ్వు తెరంతా నిండిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను. చివరగా డేగిశాలు వచ్చాయి, జనం నవ్వారు. సరేలే అనుకున్నాను.

తర్వాత నేనొచ్చాను.

తెర మీద, మనిషికి మూడింతల సైజులో, చర్చి స్తంభం పక్కన. కళ్ళజోడు నెత్తిమీద, కెమెరా పొట్ట మీద. లెన్సు తుడిచే పసుపు గుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాను. నోరు వంకర. మీసం తడిసిపోయింది. వెనకాల దూరంగా, మసగ్గా, తెల్ల చీరలో పద్మజ.

జనం గొల్లున నవ్వారు. నేను కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను, కుర్చీలు తన్నుకుంటూ. మైకులో పద్మజ గొంతు వినపడింది.

"ఆపకు మావయ్యా! అలాగే ఉంచు!"

ఆగిపోయాను. అది వేదిక దిగి, పట్టుచీర రెండు చేతులా ఎత్తి పట్టుకుని తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"నాను పుట్టినప్పటినుంచీ నా ఫొటోలన్నీ తీసినోడు ఈయన. ఒక్కదాంట్లో కూడా తను లేడు. నా ఆల్బమ్‌లో మొదటి పేజీ ఇదే" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఎలీషా బావ లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు.

నేను కాంతం వైపు తిరిగి, "నొక్కమని ఎవరు చెప్పారే నీకు? మోయమన్నాను గానీ" అన్నాను.

"మీరు సంబరంగా దాన్ని సూస్తన్నారు. మిమ్మల్ని సూసేవోళ్ళెవరున్నారు? నాను సూసినాను" అంది. చేతిలో ఐస్‌క్రీం కప్పు ఉంది. కరిగిపోతోంది.

అక్టోబరు 24

ఆల్బమ్ మొదటి పేజీ కడుతున్నాను. ఫోకస్ నా మీద కాదు, స్తంభం మీద పడింది. వెలుతురు తక్కువ. తల కొంచెం తెగింది. నా దగ్గర పనిచేసేవాడెవడైనా ఇలా తీస్తే తిట్టి పంపేవాణ్ణి. రంగులు సరిచేద్దామని కూర్చుని, ఏదీ ముట్టుకోకుండా అలాగే పెట్టేశాను.

కాంతం బెండకాయలు తరుగుతోంది. చప్పుడు వినపడుతోంది.

గురువారం పేజీలో కంట్లో దుమ్ము పడిందని రాశాను. దుమ్ము కాదు.